పెంబర్తి దొర ఉపన్యాసం

శోభకు విలన్ కుదరడం లేదు.

ఆమె దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు చరిత్ర చెబుతుంది. ప్రతి జనవరిలో రిపబ్లిక్ డేకి దగ్గరపడే శుక్రవారం దోహా తెలుగు కూటమి ఒక నాటకం వేస్తుంది. రాసేది శోభే. ఆమె భర్త సురేందర్ పదకొండేళ్ళుగా కూటమికి అధ్యక్షుడు కాబట్టి, రాయనంటే ఊరుకునేవాళ్ళు లేరు. ఉప్పు సత్యాగ్రహం రెండుసార్లు అయిపోయింది. క్విట్ ఇండియా అయిపోయింది. ఈసారి ఏం రాయాలా అనుకుంటుండగా, పదో తరగతిలో నూరైన్ అనే పిల్ల లేచి ఒక ప్రశ్న వేసింది.

"మిస్, మనవాళ్ళు అడిగారు, బ్రిటిష్‌వాళ్ళు కొంచెం కొంచెంగా ఇచ్చారు అని పుస్తకంలో ఉంది. లండన్‌లో ఎవరూ వద్దనలేదా?"

వద్దన్నారు. గట్టిగానే వద్దన్నారు. కానీ ఆ సంగతి పాఠంలో రెండు లైన్లకు మించి లేదు. శోభ వరసగా మూడు శనివారాలు ఎడ్యుకేషన్ సిటీలోని నేషనల్ లైబ్రరీకి వెళ్ళి కూర్చుంది. ఒకప్పుడు ఈ గల్ఫ్ వ్యవహారాలన్నీ బ్రిటిష్ ఇండియా సర్కారు కిందే నడిచేవి కాబట్టి, ఆ కాలం నాటి కాగితాలకు అక్కడ కొదవ లేదు. చదివే కొద్దీ ఆమెకు సరదా పుట్టింది. 1930ల్లో ఇండియాకు కొత్త రాజ్యాంగ చట్టం చేద్దామని లండన్ ప్రభుత్వం బిల్లు తయారుచేస్తుంటే, ఆ ప్రభుత్వంలోని పెద్ద పార్టీవాళ్ళే కొందరు అడ్డం పడ్డారు. సంఘం కట్టారు, సభలు పెట్టారు, కరపత్రాలు పంచారు. తమ బట్టల మిల్లులు మూతపడతాయన్నారు. ఇండియావాళ్ళు ఇంకా తయారు కాలేదన్నారు. ఇంతా చేసి ఆ బిల్లు ఇచ్చేది స్వరాజ్యమేమీ కాదు. రాష్ట్రాల్లో మంత్రివర్గాలు, వయసొచ్చిన ప్రతి ఆరుగురిలో ఒకరికి ఓటు. దానికే నాలుగైదేళ్ళు ఒకటే గోల.

"ఇదీ నాటకమంటే" అనుకుంది శోభ. లండన్‌లో కమిటీ గది. సాక్ష్యం చెప్పడానికి ఓడెక్కి వెళ్ళిన ఒక తెలుగు వకీలు. ఎదురుగా, చచ్చినా ఒప్పుకోనని భీష్మించుకు కూర్చున్న ఒక దొర. ఆ దొరకు లార్డ్ పెంబర్టన్ అని తనే పేరు పెట్టింది.

ఆ వేషం వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఐన్ ఖాలిద్ విల్లాల్లోని పెద్దమనుషులందరికీ వకీలు వేషమే కావాలి. దొర వేషమంటే, "మా పిల్లల్ని స్కూల్లో ఏడిపిస్తారండీ" అన్నారు. చివరికి అల్ ఖోర్ లేబర్ క్యాంపులో ఉండే గజేందర్ ఒప్పుకున్నాడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. ఇక్కడ సైట్లలో పరంజాలు కట్టే మనుషుల మీద ఫోర్‌మన్. ఆరడుగుల మనిషి, గంభీరమైన గొంతు.

"పేరేంది మేడం? పెంబర్తనా? మా దిక్కు పెంబర్తి ఉన్నది, ఇత్తడి సామాను చేస్తరు" అన్నాడు మొదటి రోజే. ఇక ఎవరెన్నిసార్లు సరిచేసినా ఆ దొర పెంబర్తి దొరగానే మిగిలిపోయాడు.

వకీలు వేషం కడప తిరుపాలుకు వచ్చింది. పెద్దమనుషులు ఆ వేషం కోసం ఒకరి మీద ఒకరు అలిగి అందరూ తప్పుకున్నారు మరి. తిరుపాలు ఒక ఖతరీ కుటుంబంలో హౌస్ డ్రైవర్. వాళ్ళ మేడం మాల్‌లో ఉన్నంతసేపే అతనికి రిహార్సల్. ఫోన్ మోగిందంటే వకీలు కోటు కుర్చీ మీద పారేసి, "యల్లా, నే పోతాండా" అని పరుగే.

రిహార్సల్ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో, విజయరాణి అనే నర్సు వాళ్ళ విల్లా హాల్లో జరిగేది. మొదటిసారి గజేందర్ బల్ల గుద్ది, కళ్ళెర్ర చేసి, పేజీన్నర ఉపన్యాసం అరిచాడు. తిరుపాలు ఆవలించాడు. విజయరాణి లోపలికి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చింది. అప్పటికీ ఉపన్యాసం అవలేదు.

గజేందర్ కాగితాలు దించాడు. "మేడం, ఒక్క మాట. గీ దొర గింత కోపంగెందుకున్నడు?"

"విలన్ కదా గజేందర్."

"మా కంపెనీల లీవు అడిగితె ఇయ్యనోడు ఎన్నడు కోపానికి రాడు మేడం. నవ్వుకుంట, భుజం మీద చెయ్యేసి, నీ మంచికే చెప్తున్న అంటడు. బయటికొచ్చినంక గాని మనకు లీవు దొరకలే అని సమజ్ కాదు."

శోభ ఆ మాట ఇంటికి పట్టుకెళ్ళింది. రెండు రోజులు కూర్చుని తిరగరాసింది. కోపం పోయింది గానీ దొర మాత్రం లేచి కూర్చోలేదు. లైబ్రరీలో రాసుకున్న ఉపన్యాసాలన్నీ ముందేసుకుంది. అన్నీ కొయ్యబారిన మాటలే. మనిషి ఎక్కడ?

మనిషి వంటింట్లోనే దొరికాడు.

శనివారం పొద్దున శోభ దోసెలు పోస్తోంది. సురేందర్ డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కూటమి నిబంధనల ప్రకారం కుటుంబాలతో ఉండేవాళ్ళకే ఓటు. క్యాంపుల్లో ఉండేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు అతిథి సభ్యులు. అంటే రావచ్చు, తినవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. ఈ పద్ధతి మార్చాలని అక్టోబరు సమావేశంలో క్యాంపువాళ్ళు మూడు వందల సంతకాలతో అర్జీ ఇచ్చారు.

"చూడన్నా, నేను వద్దంటలేను" అంటున్నాడు సురేందర్, కారప్పొడిలో నూనె కలుపుకుంటూ. "ఓటిద్దాం. ఎప్పుడో ఒకప్పుడు ఇద్దాం. కాని ఇప్పుడే ఎందుకు? వాళ్ళ మీద నాకున్న ప్రేమ ఎవరికుందో చెప్పు. పండుగకు బస్సు పంపేదెవరు? బిర్యానీ పెట్టేదెవరు? కాని సంఘం నడపాలంటే ఒక పద్ధతి తెల్వాలె కదా. వాళ్ళకు వాళ్ళకే పడదు. జగిత్యాలోళ్ళది ఒక జట్టు, కడపోళ్ళది ఒక జట్టు. ఓటిచ్చినమంటే వాళ్ళల్ల వాళ్ళే కొట్టుకుంటరు. ఆఖరికి నష్టపోయేది ఎవరు? అందులో బలహీనులు! నేను వాళ్ళ తరఫున మాట్లాడుతున్నన్నా."

శోభ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పక్కనే దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట ఉంది. పైదాన్ని తిరగేసి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది.

"దోసె మాడుతున్నట్టుంది" అన్నాడు సురేందర్ తల తిప్పి.

"మాడనీయండి. మీరు మాట్లాడండి" అంది శోభ.

బస్సు రైలైంది. బిర్యానీ కాలువలైంది. జగిత్యాల, కడప జట్లు ఇండియాలోని మతాలూ కులాలూ అయ్యాయి. మిగతాదంతా, ఆ "అన్నా"తో సహా, అలాగే ఉంచేసింది. చదువుకుంటే తనకే నవ్వాగలేదు. సరిగ్గా ఇవే మాటలు కాకపోయినా, ఇదే వాదన ఆ లైబ్రరీ కాగితాల్లో ఉంది. ఇన్ని రోజులూ అందులో తనకు వినపడనిది, ఆ మనిషి తను మంచివాణ్ణని మనసారా నమ్మడమే.

తర్వాతి రిహార్సల్‌లో గజేందర్ గొంతు తగ్గించి, నవ్వు ముఖంతో, వకీలు భుజం మీద చెయ్యేసి ఆ ఉపన్యాసం చెబుతుంటే విజయరాణి టీ సంగతే మరిచిపోయింది. తిరుపాలు ఫోన్ రెండుసార్లు మోగితే రెండుసార్లూ కట్ చేశాడు.

"ఏంది మేడం, ఈ దొర ఇంత మంచిగా సెప్తాంటే నాకే ఓటొద్దనిపిస్తాంది!" అన్నాడు.

గజేందర్ మాత్రం కాగితం వంక చాలాసేపు చూశాడు. "గీ మాటలు ఎక్కడనో ఇన్నట్టుంది మేడం" అన్నాడు. "అక్టోబర్‌ల అనుకుంట." మీసం కింద చిన్న నవ్వు వచ్చి పోయింది.

శోభ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రాసేటప్పుడున్న ఉత్సాహంలో ఈ సంగతి తట్టనే లేదు. ఆ అక్టోబరు సమావేశంలో సురేందర్ ఇవే మాటలు మైకులో చెప్పాడు. విన్నవాళ్ళంతా ఇప్పుడు నాటకానికి వస్తారు. సురేందర్ ముందు వరసలో కూర్చుంటాడు. మర్నాడే ఆమె నాలుగు మాటలు మార్చి గజేందర్‌కు వాట్సాప్ చేసింది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"మేడం, మాఫీ చెయ్యాలె. సైట్‌కు పొయ్యే బస్సుల, వచ్చే బస్సుల బట్టీ పట్టిన. నిద్రల గూడ అదే మాట్లాడుతున్ననంట, మా రూం లింబాద్రన్న చెప్పిండు. ఇప్పుడు మార్చిన్రంటే స్టేజి మీద రెండు కలుస్తయ్, దొర పిచ్చోడైతడు."

ఇక మిగిలింది భర్తకు ముందే చెప్పేయడం. మూడుసార్లు మొదలుపెట్టింది. మొదటిసారి అతను స్టేజి తెరల రంగు గురించి అడిగాడు. రెండోసారి క్యాంపులకు పంపే బస్సులు సరిపోవని దిగులు పడుతున్నాడు. మూడోసారి తనే, "ఈసారి విలన్ బాగా వచ్చాడటగా! విజయరాణి తెగ మెచ్చుకుంటున్నది" అన్నాడు సంబరంగా. శోభ నోరు మూసుకుంది. మనసులో మాత్రం ఒక ముల్లు కదిలింది. పదకొండేళ్ళుగా ఆ అతిథి సభ్యులకు బిర్యానీ వడ్డించినవాళ్ళలో తనూ ఉంది. వీళ్ళకు ఓటెందుకు లేదని ఒక్కసారి కూడా తను అడగలేదు. చరిత్ర టీచరు!

శుక్రవారం మధ్యాహ్నం నమాజులు ముగిశాక స్కూలు ఆడిటోరియం నిండింది. ముందు వరసల్లో పట్టుచీరలు, వెనక వరసల్లో ఇస్త్రీ మడతలు విప్పి వేసుకున్న చొక్కాలు. శోభ తెర పక్కన నిలబడి స్టేజిని కాక భర్త ముఖాన్నే చూస్తోంది.

పెంబర్తి దొర టోపీ తీసి వచ్చాడు. "చూడన్నా, నేను వద్దంటలేను" అని మొదలుపెట్టాడు వకీలుతో.

సురేందర్ పగలబడి నవ్వాడు. లండన్ దొర "అన్నా" అనడం అతనికి మహా నచ్చింది. పక్కాయన తొడ మీద చరిచాడు కూడా.

"ఆ ప్రజల మీద నాకున్న ప్రేమ ఎవరికుందో చెప్పు. రైళ్ళు వేసిందెవరు? కాలువలు తవ్విందెవరు?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు అందుకున్నారు. "వాళ్ళకు వాళ్ళకే పడదన్నా" అనేసరికి వెనక సగం హాలు ఘొల్లుమంది. అక్కడ నవ్వడానికి ఏముందో ముందు వరసలకు అర్థం కాలేదు, వెనక్కి తిరిగి చూశారు. సురేందర్ కూడా చూశాడు. మళ్ళీ స్టేజి వైపు తిరిగేసరికి అతని నవ్వు ముఖం మీదే నిలిచిపోయి, మెల్లగా సర్దుకుంది.

తిరుపాలు వకీలు కోటు సర్దుకుని అడిగాడు. "అయ్యా, ఇప్పుడే కాదంటున్నారు. ఎప్పుడో తేదీ చెప్పండి, రాసుకుంటాను."

పెంబర్తి దొర అతని భుజం తట్టాడు. "తేదీ అడిగేంత తొందరపాటు మనిషివి, నీకు ఓటెట్లా ఇస్తారన్నా?"

హాలు కప్పు లేచిపోయింది. విల్లాలవాళ్ళు, క్యాంపులవాళ్ళు అందరూ ఒకటే నవ్వు. చివర్లో బిల్లు నెగ్గింది, కానీ ఆస్తి ఉన్నవాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు మాత్రమే ఓటని చదివారు. దొర టోపీ పెట్టుకుని, ఇదీ ఎక్కువేనని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చప్పట్లు ఆగలేదు. సురేందర్ కూడా కొట్టాడు. నెమ్మదిగా, లెక్కపెట్టుకుంటున్నట్టు కొట్టాడు.

కారు సల్వా రోడ్డు ఎక్కాక సురేందర్ అడిగాడు.

"అవి నా మాటలే కదా?"

"మీవే."

"ఎప్పుడు రాసుకున్నవ్?"

"దోసె మాడిన రోజు."

అతను ఒక సిగ్నల్ దాటాడు. "నన్ను అంతమందిలో దొరను చేసినవ్."

"చెప్పాలని మూడుసార్లు చూశాను. ధైర్యం చాల్లేదు. అది నా తప్పే" అంది శోభ. "కానీ నేను చేసింది దొరను మనిషిని చెయ్యడం. అప్పటిదాకా వాడికి ప్రాణం లేదండీ. మీ మాటలు పెట్టాకే వచ్చింది."

"వాళ్ళూ నేనూ ఒకటేనా? వాళ్ళు దేశాన్ని దోచుకున్నరు. నేను సెలవు రోజు పనులు మానుకొని ఈ సంఘం నడుపుతున్న. ఎవరన్నా పోతే శవాన్ని ఊరికి పంపేదాకా నిద్రపోను. నీకు తెల్వదా?"

"తెలుసు. ఒకటి కాదు" అంది శోభ. "మరి అంత తేడా ఉన్నప్పుడు మాటలెందుకు ఒకటయ్యాయి?"

సురేందర్ ఇంటి ముందు కారు ఆపాక, స్టీరింగ్ మీద చేతులు తీయకుండానే అన్నాడు. "నేనొచ్చినప్పుడు ఐదు కుటుంబాలం. ఇప్పుడు వాళ్ళు వెయ్యిమంది. ఓటిస్తే నా మొహం చూసి ఎందుకేస్తరు? నేను వాళ్ళకెవరిని?"

ఇన్నేళ్ళ కాపురంలో అతను భయపడటం శోభ చూసింది తక్కువ. అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

రెండు వారాల తర్వాత సర్వసభ్య సమావేశం. సురేందర్ ఒక సవరణ తయారుచేసుకుని వచ్చాడు. శోభకు చూపించలేదు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని చదివాడు. పదో తరగతి పాసై, రెండేళ్ళ సభ్యత్వమున్న క్యాంపు సభ్యులకు ఓటు.

ముందు వరసల్లో గొణుగుళ్ళు. ఇద్దరు ముగ్గురు అప్పుడే బ్యాగులు సర్దుకుంటున్నారు. వెనకాల గజేందర్ లేచాడు.

"సార్, గా పెంబర్తి దొర పార్ట్ నేను నెల రోజులు బట్టీ పట్టిన. గాయన గింత గూడ ఒప్పుకోలే. మా ప్రెసిడెంట్ సార్ గా దొర కంటె శాన ముంగటున్నడు. అందరు చప్పట్లు కొట్టున్రి."

కొట్టారు. సురేందర్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు.

"కాని సార్, మా రూంల ఎనిమిది మందిమి. నేను టెన్త్ పాసైన, నాకు ఓటొస్తది. గీ లింబాద్రన్న మూడో క్లాసు దాటలే, ఆయనకు రాదు. మా ఎనిమిది మందిల పంచాయితి పడితె తెంపేది ఆయననే. నాకు, కడప తిరుపాలన్నకు మాట పడ్డప్పుడు గూడ ఆయననే కలిపిండు. ఆయనకు లేని ఓటు నేనేం జేసుకోవాలె సార్?"

పక్కన లింబాద్రి, యాభై దాటిన బక్కపలచని మనిషి, తల దించుకుని గజేందర్ చొక్కా పట్టుకుని కూర్చోమని లాగుతున్నాడు. సురేందర్ అతని వైపే చూశాడు. నిరుడు వేసవిలో ఒక కుర్రవాడు గుండె ఆగి పోతే, ఆస్పత్రి బయట మూడు రోజులు తనతోపాటు నిలబడింది ఇతనే. ఏ కాగితం ఎక్కడుందో తనకు గుర్తు చేసిందీ ఇతనే.

సురేందర్ జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మీద ఒక గీత కొట్టాడు. మళ్ళీ చదివాడు. "ఏడాది సభ్యత్వం ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు. అంతే."

అప్పటికి ఓటున్నవాళ్ళలో అరవై మూడు చేతులు లేచాయి. నలభై ఒకటి లేవలేదు. పదకొండు కుటుంబాలు కూటమి మానుకుంటున్నామని ప్రకటించి వెళ్ళిపోయాయి. అందులో నాలుగు ఉగాది పచ్చడికి ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాయి.

ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి. సురేందర్ ముందు రోజంతా అన్నం సరిగా తినలేదు. గెలిచాడు. ఐన్ ఖాలిద్‌లో అతనికి వచ్చిన ఓట్లు అంతంతమాత్రమే. అల్ ఖోర్ నుంచి మాత్రం బుట్టలకొద్దీ వచ్చాయి. ఆ అంకెలు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏసీ ఎక్కువైనట్టుంది" అన్నాడు. జాయింట్ సెక్రటరీగా గజేందర్ గెలిచాడు. మొదటి తీర్మానం, నిబంధనలన్నీ తెలుగులోకి తేవాలని. ఆ పని శోభ నెత్తిన పడింది.

ఆ కాగితాలు పట్టుకుని ఒక శుక్రవారం భార్యాభర్తలిద్దరూ అల్ ఖోర్ క్యాంపుకు వెళ్ళారు. సురేందర్, లింబాద్రి మూడో నిబంధన దగ్గర వాదులాడుకుంటున్నారు. గజేందర్ ఫోన్‌లో వీడియో కాల్ వచ్చింది. వాళ్ళమ్మ పోచవ్వ. పక్కింటి పిల్ల ఫోన్‌లో నాటకం మొత్తం చూసిందట.

"అవ్వా, గీమెనే మా మేడం. గా మాటలు రాసింది గీమెనే" అని గజేందర్ ఫోన్ శోభ వైపు తిప్పాడు.

తెర నిండా పోచవ్వ ముఖం. "బిడ్డా, దుబాయ్ పోయినంక మావోడు దొరైండని ఊరంత అంటున్నరు. గదంత మంచిగనే ఉంది. కాని గంత మందిల గా మాటలేంది? ఎవలకేం ఇయ్యొద్దంటడా? నేను గట్ల పెంచలే వాణ్ణి."

"అది నాటకమమ్మా. ఆ దొర మాటలవి, మీ కొడుకువి కావు" అంది శోభ నవ్వుతూ.

"దొర మాటలైతె దొరతోనే చెప్పిపియ్యరాదుండ్రి? వచ్చే యేడు మావోనికి మంచి పాత్ర ఇయ్యి."

"తప్పకుండా ఇస్తానమ్మా."

"గట్లనే. వాడు తింటుండా లేదా, గది చెప్పు ముందు" అంది పోచవ్వ.